ఎనేయిదక్క చేతికి ఫోనివ్వకండి

ఎనేయిదక్కకి ఒక్కటే జబ్బు. కనపడ్డవాళ్ళ ఫోను పుచ్చుకుని, అందులో ఎంత చోటు మిగిలిందో చూడందే ఆమెకి ముద్ద దిగదు.

"ఫోనిలా ఇవ్వు" అంటుంది. బాగున్నావా, పిల్లలెలా ఉన్నారు లాంటివన్నీ ఆ తరవాతే.

బర్రంకీయా అనే ఊళ్ళో ఇళ్ళు తుడిచే ఆడవాళ్ళు నూట నలభై మంది కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. దానికి ఆమె అధ్యక్షురాలు. ముప్ఫై ఏళ్ళు ఇంకొకళ్ళ గచ్చులు తోమిన మనిషి, కుర్చీలో కూర్చోవడం చేతకాదు. మీటింగులో కుర్చీల మధ్య గిరగిరా తిరుగుతూ ఫోన్లు లాక్కునేది. చూసిన అంకె ఎడమ చేతి మీద పెన్నుతో గీసుకునేది. సాయంత్రానికి ఆ చెయ్యి పరీక్షలో కాపీ కొట్టే పిల్లాడి చెయ్యిలా ఉండేది.

ఒకసారి బస్సు ఎర్రలైటు దగ్గర ఆగితే డ్రైవరు ఫోను అందుకుంది. పచ్చలైటు పడింది. వెనకాల బళ్ళన్నీ హారన్లు మోగిస్తున్నాయి. "ఉండవయ్యా! ఒకే పిల్లాడికి ముప్ఫై ఒక్క పుట్టినరోజు వీడియోలా?" డాక్టరు ఆమె నాడి పట్టుకుంటే, ఆమె డాక్టరు ఫోను పట్టుకుంది. "నా రక్తపోటు సంగతి సరే నాయనా, దీనికి ఊపిరాడట్లేదు." ఇక ఒక చావింట్లో, శవపేటిక మోస్తున్న అల్లుడి జేబులోంచే తీసేసింది. పాపం, అతనికి రెండు చేతులూ పనిలో ఉన్నాయి.

చూసి ఊరుకుంటే బాగానే ఉండును. చుట్టాలు పొద్దున్నే పంపే శుభోదయం గులాబీలన్నీ ఏరి పారేసేది. "మా పిన్ని పంపిన గులాబీ ఏదక్కా?" అని ఎవరైనా గోలపెడితే, "రేపు పొద్దున్నే ఇంకోటి పూస్తుందిలే" అనేది.

ఇదంతా భరించాల్సింది సంఘం కార్యదర్శి అరసెల్లీ. "అక్కా, నీ వల్ల తలెత్తుకోలేకపోతున్నా" అని రోజుకోసారి మొత్తుకునేది. ఆ శుక్రవారమైతే ఆమెకి నిజంగానే తల తిరిగిపోతోంది.

సంగతేమిటంటే, ఇళ్ళవాళ్ళు పనిమనుషుల్ని పంపే ఏజెన్సీతో పని లేకుండా నేరుగా సంఘాన్నే పిలిచేలా ఒక ఏర్పాటు చేయించుకోవాలి. ఖర్చు ఒక సహాయ నిధి పెట్టుకుంటానంది. కానీ ఫోన్లో దించుకునే యాప్ కావాలా, లింకు నొక్కితే తెరుచుకునే వెబ్ యాప్ కావాలా తేల్చి, సంతకాలతో కాగితం నాలుగింటికల్లా ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ అవకాశం వేరేవాళ్ళకి పోతుంది. అరసెల్లీ మళ్ళీ ఏజెన్సీ గుమ్మం ఎక్కి, వాళ్ళ పసుపుపచ్చ గౌను వేసుకోవాలి. దానికన్నా మొసలి నోట్లో తల పెట్టడం నయమనుకుంది.

మీటింగు మొదలయ్యేసరికి రెండయింది. ఆకాశం నల్లబడుతోంది. బర్రంకీయాలో వాన పడితే వీధి వీధి కాదు, ఏరు. కార్లే కొట్టుకుపోతాయి.

"యాపే మంచిది" అన్నాడు యాప్‌లు తయారుచేసే ఎర్నాన్. "ఫోన్లో మీ బొమ్మ ఉంటుంది. పని రాగానే గంట మోగుతుంది. సిగ్నలు లేకపోయినా కొంత పనిచేస్తుంది. వెబ్‌ది చవక, ఏ ఫోన్లోనైనా తెరుచుకుంటుంది, కానీ గంట మోగుతుందన్న నమ్మకం లేదు."

"యాపే! యాపే!" అన్నారు ఆడవాళ్ళు. "ఏజెన్సీకి ఉంది, మనకెందుకుండకూడదు?"

"రాసేస్తున్నా" అని అరసెల్లీ కలం తీసింది.

"ఆగవే" అంది ఎనేయిదక్క. "నాయనా ఎర్నాన్, నీ యాప్ నమూనా ఉందన్నావుగా? ఇదిగో, మన రోస్మీరా ఫోన్లో పెట్టి చూపించు."

"అక్కా, మబ్బు చూశావా?"

"మబ్బు నన్ను చూసింది. నువ్వు పెట్టు నాయనా."

పెట్టబోయాడు. 'చోటు లేదు' అంది ఫోను.

"దానికేముంది, కొన్ని ఫొటోలు తీసేస్తే సరి" అని తెరిచాడు. చూస్తే ఒక్క మనిషి మొహం లేదు. తోమిన సింకులు, అల్మరాలు, పూలకుండీలు, వరసగా పేర్చిన గరిటెలు. "ఇవేంటమ్మా? మొత్తం తీసేయనా?"

"అయ్యో, వద్దు!" రోస్మీరా ఫోను లాక్కుంది. "ఆ వెండి గరిటెలు మంగళవారం అమ్మగారివి. నేను గడప దాటేటప్పటికి పన్నెండూ ఉన్నాయనడానికి అదే నా సాక్ష్యం."

ఏ వస్తువు కనపడకపోయినా ముందు పనిమనిషి సంచీ వెతికే లోకం ఇది. ఆ లోకంలో పనిమనిషికి ఫీజడగని వకీలు ఆ ఫొటో ఒక్కటే. ఎర్నాన్‌కి ఆ ముక్క ఎవరూ చెప్పలేదు. చెప్పాలని వాళ్ళకీ తోచలేదు, ఊపిరి పీలుస్తున్నామని ఎవరు చెప్పుకుంటారు?

అరసెల్లీ చేతిలో కలం ఆగిపోయింది. రెండేళ్ళ కిందట ఏజెన్సీ తన యాప్ పెట్టుకోమంటే, చోటు చాలక ఫొటోలన్నీ తీసేసింది. పది రోజులకి ఒక ఇంట్లో చెవిపోగు పోయింది. ఏజెన్సీ సాక్ష్యమేదంది. లేదు. పనిలోంచి తీసేశారు. "నేనే మానేశా" అని ఊరందరికీ చెప్పుకుంది. నిజం తెలిసింది ఒక్క ఎనేయిదక్కకే. ఆ సాయంత్రం వేడివేడి మొక్కజొన్న రొట్టెలు పట్టుకుని ఇంటికొచ్చి, ఏడుపంతా విని, చివర్లో అడిగింది: "ఫోనిలా ఇవ్వు."

అదే మొదటిసారి!

ఎనేయిదక్క చొక్కా చెయ్యి పైకి మడిచింది. "నూట నలభై ఫోన్లు చూశాను. తొంభై ఏడు నిండిపోయి ఉన్నాయి. గులాబీలు ఏరేస్తే కాస్త చోటొచ్చింది, రెండు వారాల్లో మళ్ళీ గరిటెలతో నిండింది. యాప్ అంటే ఈ తొంభై ఏడు మందీ ఏదో ఒక సాక్ష్యం చెరుపుకోవాలి."

"మన ఫోన్లు సరే" అంది అరసెల్లీ మెల్లిగా. "డ్రైవరుదీ, డాక్టరుదీ, ఆ చావింటి అల్లుడిదీ ఎందుకక్కా?"

"పిచ్చిదానా! మీ ఒక్కళ్ళవే అడిగితే లేమి లెక్కపెడుతున్నానని సిగ్గుపడి దాచేస్తారు. ఊరందరివీ అడిగితే నాకు పిచ్చంటారు. అనుకోనీ, నాకేం తరుగు?"

ఎర్నాన్ గొంతు సవరించుకున్నాడు. "వెబ్‌కి అంత చోటక్కర్లేదమ్మా. కానీ ఆ గంట..."

"పని రాగానే మామూలు మెసేజ్ పంపించలేవూ? మా అమ్మ కాలం నాటి ఫోనుక్కూడా వస్తుందిగా."

"పంపించచ్చు" అన్నాడు ఎర్నాన్. అతని చెవులు ఎర్రబడ్డాయి. "ముందే తట్టాల్సింది."

చేతులన్నీ లేచాయి. అరసెల్లీ గబగబా రాసింది, సంతకాలు పడ్డాయి. మొదటి చినుకుకి ఆమె, ఎనేయిదక్క ఇద్దరూ పరుగందుకున్నారు. చివరి వీధి దాటేసరికి నీళ్ళు మోకాళ్ళదాకా వచ్చాయి. కాగితం ఎనేయిదక్క నెత్తిమీద, ప్లాస్టిక్ సంచీలో కిరీటంలా ఉంది.

నిధి ఆఫీసులో గుమస్తా గడియారం చూశాడు. నాలుగుకి ఆరు నిమిషాలుంది. "కాగితం ముట్టినట్టు ఫొటో తీసుకోవాలమ్మా, అదీ పద్ధతి" అని తన ఫోను ఎత్తాడు. నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. మొహం పాలిపోయింది. "చోటు లేదంటోందే..."

ఎనేయిదక్క చెయ్యి చాచబోయింది. అంతకన్నా ముందే ఇంకో చెయ్యి చాచి ఉంది.

"ఫోనిలా ఇవ్వండి సార్" అంది అరసెల్లీ.

తెరిచి చూస్తే, గంపలకొద్దీ గులాబీలు.