అతుకు పక్కన విరిగిన విల్లు

టపాకాయ పేలినట్టు చప్పుడైంది. పడవ కింద వెల్లకిలా పడుకుని పని చేసుకుంటున్న ఆండ్రూ తల బయటికి పెట్టేసరికి, కూతురు ఫేబీ ఇసుకలో మోకాళ్ల మీద కూలబడి ఉంది. కనుబొమ్మ చీలి నెత్తురు కంట్లోకి కారుతోంది. పిల్ల చేతిలోని విల్లు రెండు ముక్కలై నారికి వేలాడుతోంది.

ఆండ్రూ పరుగెత్తాడు. తువ్వాలుతో నెత్తురు తుడిచి, రెప్ప ఎత్తి చూశాడు. కంటికి ఏమీ కాలేదు. కనుబొమ్మే చీలింది. ఊపిరి తీసుకుని, అప్పుడు విల్లు వైపు చూశాడు.

తను అతికించిన చోట విల్లు విరగలేదు. అతుకు చెక్కుచెదరలేదు. దానికి బెత్తెడు కింద, ఒక్క గీత కూడా లేని మంచి వెదురు పుటుక్కున తెగిపోయి ఉంది.

రెండు ముక్కల్నీ తిప్పి తిప్పి చూశాడు.

విల్లు విరగడం వింతేమీ కాదు. ఆండ్రూ చెయ్యి పడిన వస్తువు విరగడమే వింత. విడవలూరు దాటి తూర్పుకు పోతే సముద్రం ఒడ్డున వచ్చే ఆ పాలెంలో, పడవ పగిలితే మొదట వినిపించే పేరు అతనిదే. సునామీ తర్వాత చెక్క పడవలు పోయి ఫైబర్ పడవలు వచ్చాయి. వాటిని బాగుచేయడానికి తమిళనాడు నుంచి మేస్త్రీలు దిగారు. ఆండ్రూ వాళ్లకు రెజిన్ అనే జిగురు డబ్బాలు మోశాడు. వాళ్లు ఏమీ నేర్పలేదు. గాజుపీచు గుడ్డను ఎట్లా కత్తిరించాలో, రెజిన్‌లో గట్టిపడే మందు ఎంత కలపాలో అతనే ఓరగా చూసి నేర్చుకున్నాడు. వాళ్లు వెళ్లిపోయాక పాలేనికంతా అతనే దిక్కయ్యాడు.

దిక్కయితే అయ్యాడు గానీ, అతని ఇల్లు ఊరికి ఎడంగా, ప్రార్థన మందిరం వెనక వీధిలో. పడవల వాళ్లు ఆ వీధిలోకి రారు, మనిషిని పంపి పిలిపిస్తారు. పడవ పగిలిన రోజు అతను ‘ఆండ్రన్న’. పడవ నీళ్లలోకి దిగిన మరుక్షణం ‘ఒరే ఆండ్రూ’. మీసం సరిగా రాని కుర్రాళ్లు కూడా అంతే. ఇన్నేళ్లుగా పడవల్ని అతికిస్తున్న మనిషి ఒక్కసారైనా పడవెక్కి సముద్రం మీదికి పోలేదంటే ఎవరూ నమ్మరు. పోలేదు. ఎవరూ రమ్మనలేదు. సముద్రం తెలియనివాడు అడ్డమని ఒకరన్నారు, చోటు చాలదని ఇంకొకరన్నారు. అసలు సంగతి అందరికీ తెలుసు. దాన్ని నోటితో అనడానికి మాత్రం అందరికీ మొహమాటం. అతనూ అడగలేదు. అతనికి తెలిసినదల్లా ఇసుక మీద బోర్లించిన పడవ, కదలకుండా పడి ఉన్న పడవ.

ఒక పొర చాలన్న చోట మూడు పొరలు వేసేవాడు. ఆరాక పిడికిలితో గట్టిగా గుద్ది, “ఇంక సముద్రం పగలాల గానీ ఇది పగలదు” అనేవాడు. ఆ మాట అనేటప్పుడు అతను నిటారుగా నిలబడేవాడు. తక్కిన రోజంతా వంగి ఉండే మనిషే.

ఫేబీ తొమ్మిదో తరగతి. ఆటల టీచర్ వినీల కాలేజీ రోజుల్లో విలువిద్య ఆడిన మనిషి. బడిలో పిల్లల్ని పోగుచేసి వెదురు విల్లులతో నేర్పుతోంది. అందరిలోకీ ఫేబీకే గురి కుదిరింది. ఆదివారం నెల్లూరులో జిల్లా సెలక్షన్. బడిలో ఉన్నవి పెద్ద పిల్లల కోసం తెచ్చిన బరువైన విల్లులు. వాటిని లాగితే ఫేబీ చెయ్యి వణుకుతుంది. నెల్లూరులో ఎవరో ఆఫీసరు కొడుక్కి కొనల్లో చక్రాలుండే ఖరీదైన కొత్త విల్లు కొనిచ్చారట, ఆ అబ్బాయి పాత వెదురు విల్లు అమ్మకానికి ఉందని తెలిసింది. మూడు వెదురు బద్దల్ని ఒకదానిమీద ఒకటి అతికించి చేసిన విల్లు, ఫేబీ చేతికి చేసినట్టే ఉంది. పై సగంలో పగులు ఉంది కాబట్టే అది వీళ్లకు అందే ధరకు వచ్చింది.

వినీల దాన్ని తిప్పి చూసి తల అడ్డంగా ఊపింది. “ఆండ్రూ గారూ, పగిలిన విల్లును మేం వాడమండీ. గోడకు తగిలించుకుంటాం. లాగేటప్పుడు అది ఎక్కడ తెగుతుందో చెప్పలేం.”

ఆండ్రూ నవ్వాడు. “టీచరమ్మా, మనుషులు ప్రాణాలు పెట్టుకోని పొయ్యే పడవలే నా చేతి మీద నడస్తుండాయి. ఈ బద్ద ఒక లెక్కా?”

“పడవ వేరు, విల్లు వేరండీ.”

“పగులు పగులే గదమ్మా.”

ఎందుకు వేరో ఆమెకూ విడమరిచి చెప్పడం రాలేదు. ఆండ్రూ ఆ సాయంత్రమే పగులు మీద గాజుపీచు వేశాడు. అలవాటుగా మూడు పొరలు. ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది, పడవలకు వేసే నీలం రంగు వేశాడు. కొత్తదానికంటే అందంగా ఉందని వీధి వీధంతా వచ్చి చూసింది. నాలుగు రోజులు ఫేబీ వేసిన బాణమల్లా గురికి తగిలింది. తర్వాత ఇదిగో, ఇట్లా పేలింది.

విడవలూరులో కుట్లు వేయించుకుని ఇంటికి తీసుకొస్తే ఎలిశబెతు మొగుణ్ణి ఏమీ తిట్టలేదు. పిల్ల గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పి చూసి, “పడవకు మొగం ఉండదు. పిల్లకు ఉండాది” అని మాత్రం అని పొయ్యి దగ్గరికి పోయింది.

ఆండ్రూను నిలువునా కుదిపేసింది మాత్రం ఆ మాట కాదు, మర్నాడు పొద్దున ఫేబీ అన్న మాట.

“నాయనా, ఎప్పుడు అతికిస్తావు? ఆదివారం పోవాల.”

“కన్ను పొయ్యుండేదమ్మే!”

“పోలేదు గదా. నువ్వు అతికించిన కాడ ఇరగలేదు నాయనా, చూడలేదా? ఇరిగింది వాళ్ల వెదురు. ఈసారి పొడుగునా వేసెయ్ గాజుపీచు. ఇంకేం ఇరుగుతాదో చూస్తాం.”

కనుబొమ్మ వాచి, కన్ను సగం మూసుకుపోయి ఉంది. ఆ కంటితోనే తండ్రిని చూసి నవ్వుతోంది. ఆ నమ్మకం చూసి ఆండ్రూకు భయమేసింది. అంతకన్నా భయమేసిన సంగతి ఒకటుంది. పొడుగునా వెయ్యాలనే రాత్రంతా తనూ అనుకున్నాడు.

ముక్కలు తీసుకుని ఒడ్డుకు పోయాడు. ముందు కింది సగాన్ని ఇసుకలో గుచ్చి నొక్కి చూశాడు. చివరి దాకా ఒకే తీరుగా, మెత్తగా వంగింది. తర్వాత పై ముక్క తీసుకున్నాడు. తన అతుకు ఉన్న మేర అది వంగలేదు. ఎంత నొక్కినా గడ్డపారలా నిలబడింది. వంపంతా పోయి అతుకు అంచున ఒక్కచోటే పడింది, అక్కడ వెదురు సన్నగా మూలిగింది. ఆండ్రూ చెయ్యి తీసేశాడు. మళ్లీ నొక్కాడు. మళ్లీ అక్కడే. గట్టిగా చేసిన చోటు తను పంచుకోవాల్సిన బరువును పక్కదాని నెత్తిన వేస్తోంది.

అతను ముక్కలు రెండూ చంకన పెట్టుకున్నాడు. తర్వాత లేచి, కాస్త దూరంలో తన పడవ నీడలో వల బాగుచేసుకుంటున్న మస్తానయ్య దగ్గరికి నడిచాడు.

“మస్తానన్నా, ఒక మాట. సముద్రం మీద పడవ వంగుతాదా?”

మస్తానయ్య పకపకా నవ్వాడు. “ఏందిరా, ఎండదెబ్బ తగిలిందా నీకు? వంగకుండా ఎట్టుంటాది? అల ఎక్కి దిగేటప్పుడు అడుగు మొత్తం కాళ్ల కింద దడదడా కొట్టుకుంటాది. ఇన్నేళ్లు పడవలు చేసి ఇది తెలీదా?”

“తెలిసేదానికి నన్నెవరు ఎక్కించుకున్నారన్నా?”

మస్తానయ్య వల దారం పంటితో కొరకడంలో మునిగిపోయాడు.

ఆండ్రూ అతని పడవ కిందికి దూరాడు. రెండేళ్ల కిందట తను వేసిన అతుకు నల్లగా, రాయిలా ఉంది. దాని అంచు దాటి వేలితో తడిమాడు. వెంట్రుకంత గీత. గోటితో గీకితే రంగు రాలి గీత పొడవైంది. అటు అంచున కూడా ఇంకొకటి.

“అన్నా, ఇదేంది?”

“అదా! నీ అతుక్కి ఏమీ కాదులే, అది కొండ. దాని పక్కన చీలతాది, అంతే. అందరి పడవలూ అంతే గదా. పోయిన చలికాలం పెంచలకృష్ణ పడవలోకి నీళ్లొచ్చినాయే, డబ్బాలతో తోడుకుంటా ఒడ్డున పడినారే, అది కూడా పక్కనే పొయ్యింది.”

“నాకు చెప్పలేదే ఎవరూ?”

“నీ తప్పు కానిదానికి నీకెందుకు చెప్పాలిరా? ‘ఆండ్రూ అతికించింది ఉండాది, కంపెనీవోడు చేసిందే పొయ్యింది’ అని మెచ్చుకుంటుంటాం. నీకు చెప్తే పొగరు తలకెక్కుతాదని చెప్పలేదు.” మస్తానయ్య తన హాస్యానికి తానే నవ్వుకున్నాడు. “మధ్యాన్నం ఆ గీతల మీద కూడా వేసిపెట్టు. ఎప్పటి మాదిరే, మూడు పొరలు.”

ఆండ్రూ పడవ కింది నుంచి బయటికి రాలేదు. అక్కడి నుంచే దుంగల మీద వరసగా ఎత్తి నిలిపిన పడవల అడుగులు కనిపిస్తున్నాయి. ఒక్కోదాని మీద తన అతుకులు ఒకదాని పక్కన ఒకటి, అడుగులో అడుగు వేసుకుంటూ ముందుకు నడిచిపోతున్నట్టు ఉన్నాయి. పాత అతుకు పక్కనే వచ్చిన చీలికల్ని అతను ఎన్నోసార్లు చూశాడు. ట్రాక్టరుతో ఇసుక మీద ఈడ్చి పాడుచేస్తున్నారని పడవల వాళ్ల మీద కోప్పడ్డాడు. కోప్పడి, చీలిన ప్రతిచోటా ఇంకా మందంగా వేశాడు.

ఊరంతా తనను మెచ్చుకున్నదీ, పిల్ల కనుబొమ్మను చీల్చిందీ ఒకటే పని.

ఇంటికి వచ్చేసరికి వరండాలో చాప పరిచి ఉంది. గాజుపీచు గుడ్డను పొడుగు పట్టీలుగా కత్తిరించి, రెజిన్ డబ్బా, బ్రష్ పక్కన పెట్టుకుని ఫేబీ కూర్చుని ఉంది. పీచు గుచ్చుకున్న దురదకు మోచేతులు గీరుకుంటోంది.

“నేనే కత్తిరించినా. కొలత సరిపొయ్యిందా చూడు.”

ఆండ్రూ కూర్చోలేదు. “నేను చెయ్యనమ్మే.”

“ఏం?”

“నాకు రాదు.”

ఫేబీ నవ్వింది. తండ్రి ఎగతాళి చేస్తున్నాడనుకుంది. అతని మొహం చూసి నవ్వు ఆపేసింది. “రాకపోవడమేంది? మస్తానయ్య పడవ అంతది బాగుచేస్తావు. ఎవరి పడవ పగిలినా అన్నం కాడ నుంచి లేచి పోతావు. నాకు కావాల్సొచ్చేసరికి రాదా?”

విల్లు విరిగినప్పుడు గానీ, కుట్లు వేస్తున్నప్పుడు గానీ ఏడవని పిల్ల ఇప్పుడు వెక్కి వెక్కి ఏడ్చింది. ఎలిశబెతు గడపలోకి వచ్చి నిలబడింది. ఆండ్రూ ఓదార్చడానికి పోలేదు. పై ముక్కను కూతురి చేతికిచ్చి, “నొక్కు. మొగం దూరంగా పెట్టుకోని నొక్కు. ఎక్కడ వంగుతాదో చూడు” అన్నాడు.

ఫేబీ కోపంగా నేలకు పెట్టి నొక్కింది. ఇంకోసారి నొక్కింది. ఏడుపు మెల్లగా ఆగింది. అతుకు అంచున వేలు పెట్టి, తీసేసింది.

“పొడుగునా వేస్తే?”

“అసలు వంగదు. వంగకపోతే అది విల్లే కాదు. బలంగా లాగితే ఇంకెక్కడో పేలతాది. యాడ పేలతాదో నాకు తెలీదు. తెలీనిదాన్ని నీ మొగం ముందర పెట్టలేను.”

పిల్ల ముక్కను చాప మీద పెట్టి ముక్కు తుడుచుకుంది. “బడి విల్లుతోనే పోతా. చెయ్యి వణికితే వణుకుతాది” అంది. సెలక్షన్ ఆశ అక్కడితో పోయినట్టేనని ఇద్దరికీ తెలుసు.

కాసేపటికి ఆమె తల ఎత్తింది. వాచిన కంటిలో ఆ కోపం లేదు, ఇంకేదో ఉంది.

“నాయనా, అయితే పడవలు?”

ఎలిశబెతు మొగుడి వైపు చూసింది. ఒడ్డు నుంచి ట్రాక్టర్ చప్పుడు వినిపిస్తోంది, ఎవరి పడవనో నీళ్ల వైపు నెడుతున్నారు. ఆండ్రూ చెప్పుల కోసం కూడా చూసుకోకుండా వీధిలోకి దిగాడు. ఏమని చెప్పి ఆ పడవను ఆపాలో అతనికి తెలియలేదు. చెబితే ఎవరైనా వింటారో లేదో కూడా తెలియదు. మందిరం మలుపు తిరిగేసరికి అతను ఒడ్డు వైపు పరుగెడుతున్నాడు.