ఒక్క మాట రాయించుకునే మనిషి

చిక్కడపల్లిలో క్యాసెట్లు అద్దెకిచ్చే ఒకాయన ఉండేవాడు. సినిమా పేరో, గాయకుడి పేరో చెబితే వినేవాడు కాదు. "పేర్లు ఎందుకు సార్, ఎందుకు వింటరో చెప్పుండ్రి" అనేవాడు. ఆయన అరలకు వాన, నిద్ర, కోపం, పెళ్లి అని చీటీలుండేవి. క్యాసెట్ తిరిగిచ్చేటప్పుడు దాని కార్డు మీద ఒక్క మాట రాయించుకునేవాడు. ఆ మాటను బట్టి దాని అర మార్చేవాడు. అకారాది క్రమం లేని ఆ పద్ధతి నాకు నచ్చేది కాదు.

మా ఆవిడకు గుండె ఆపరేషన్ రేపనగా సాయంత్రం ఆ కొట్టుకు వెళ్లాను.

"మా ఆవిడ భయపడుతోందయ్యా, ఏదైనా ఇవ్వు."

"అమ్మనా, మీరా?"

ఆయన 'భయం' అరలోంచి ఒక క్యాసెట్ తీశాడు. దాని కార్డు మీద రకరకాల చేతిరాతలున్నాయి: కర్ఫ్యూ, బిడ్డకు జ్వరం, ఇంటర్ రిజల్టు.

"తీస్కపోయినోళ్లందరు మళ్లొచ్చి రాసిండ్రు సార్. మీరు గూడ రాస్తరు."

నేనేం రాయాల్సి వస్తుందోనని హైదర్‌గూడ ఆసుపత్రి దాకా ఆలోచిస్తూనే నడిచాను.

వార్డులో టేప్‌రికార్డర్ సన్నగా పెట్టాను. పాట సగంలో ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆపరేషన్ నాకండీ, మీరెందుకు వణుకుతున్నారు?" అంది. పొద్దున్నే స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. ఏళ్లుగా రోజూ రాస్తున్న నా డైరీలన్నిటిలో ఆ రోజు పేజీ ఒక్కటే ఖాళీ.

ఆవిడ ఇంటికొచ్చాక క్యాసెట్ తిరిగివ్వడానికి వెళ్లాను. ఆయన కార్డూ పెన్నూ ముందుకు జరిపాడు. 'చెయ్యి' అని రాశాను. ఆయన చదివి, క్యాసెట్‌ను మళ్లీ 'భయం' అరలోనే పెట్టాడు.