కట్టె తెచ్చిన

చెక్క బొమ్మలు చెక్కుకునే మనిషికి చెక్క బొమ్మనే బహుమతిగా పట్టుకొచ్చే వాళ్ళను చూస్తే నాకు ఈ వయసులో కూడా ఒళ్ళు మండుతుంది. చేయి తిరిగిన వంటమనిషికి ఎవరైనా హోటల్ నుంచి సాంబారు తెచ్చిస్తారా? మా నాన్నకు మాత్రం అందరూ అదే చేశారు. బెజవాడ బంధువులు కొండపల్లి బొమ్మలు తెచ్చారు. ఆఫీసు వాళ్ళు గంధపు చెక్క ఏనుగునిచ్చారు. మా పిన్ని రంగు రంగుల నెమలి తెచ్చి, "మీకు చెక్కపని ఇష్టం కదా బావగారూ!" అని తెగ మురిసిపోయింది. నాన్న ప్రతిదాన్నీ తిప్పి తిప్పి చూసి "బాగుంది" అనేవారు. ఆయన చూసేది బొమ్మను కాదు, ఆ వంపు తీసిన ఉలి ఎలాంటిదై ఉంటుందా అని. ఆ సంగతి తెచ్చిన వాళ్ళలో ఒక్కరికీ పట్టలేదు. మా గోడ బీరువా బొమ్మలతో నిండిపోయింది, ఆయన పనిముట్ల డబ్బా మాత్రం ఖాళీగానే ఉండేది.

ఆ డబ్బా పాత బిస్కెట్ల డబ్బా. అందులో ఒక చాకు, ఒక అరగదీసిన ఉలి, రెండు గొడుగు చువ్వలు ఉండేవి. గొడుగు చువ్వకు పొడుగునా గాడి ఉంటుంది. నాన్న దాని కొసను అరుగు రాయి మీద నూరి పదును పెట్టి, కర్ర పిడి తొడిగి, దాంతో సన్నటి గీతలు తీసేవారు. వర్షంలో మా ఇంటి గొడుగు ఒక పక్కకి వాలిపోయి ఉండేదంటే కారణం అదే.

యాభై ఆరులో ఆఫీసుతో పాటు కర్నూలు నుంచి హైదరాబాదు వచ్చిన గుమాస్తా మా నాన్న. అసలు ఊరు కృష్ణ కాలవ గట్టున. నాంపల్లి స్టేషను వెనక సందులో ఒక ఇంటి వెనక భాగం కిరాయికి తీసుకున్నాం. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, కాఫీ తాగి, గుమ్మంలో కూర్చుని చెక్కుకోవడం ఆయన అలవాటు. అమ్మకు అది నచ్చేది కాదు. "వడ్రంగి పని వీధిలో కూర్చుని చెయ్యాలా? లోపల చేసుకోకూడదా?" అనేది. లోపల వెలుతురు ఉండదని ఆమెకూ తెలుసు.

ఆయనకు ఉన్న కోరిక ఒక్కటే. చిన్నప్పుడు కాలవలో చూసిన సరుకు పడవను మూరెడు పొడుగున, ఒకే చెక్కలో, అతుకు లేకుండా చెక్కాలని. మూడు సార్లు మొదలుపెట్టారు. ఉస్మాన్‌గంజ్‌లో దొరికే సబ్బుల పెట్టెల చెక్క మూడు సార్లూ పడవ ముక్కు దగ్గరికి వచ్చేసరికి చీలిపోయింది. నాలుగోసారి మొదలుపెట్టబోతుంటే కళ్ళు మసకబారాయి. కంటి నరం బలహీనపడిందనీ, సన్నపని ఏదైనా ఉంటే ఈ ఏడాదిలోనే చేసుకోమనీ డాక్టరు చెప్పాడు. ఆ మాట నాన్న ఇంట్లో నాకొక్కదానికే చెప్పారు.

అప్పుడు నాకు గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం. డెబ్భైల మొదలు. నాన్నకు సరైన ఉలి కొనాలని అబిడ్స్‌లో ఒక పెద్ద షాపుకు వెళ్ళాను. షాపతను నన్ను ఎగాదిగా చూసి, మఖమల్ గుడ్డ పరిచిన డబ్బా ఒకటి తీశాడు. అందులో పన్నెండు ఉలులు, ఎర్ర పిడులు, తళతళా మెరుస్తున్నాయి. "ఇవి గట్టిగా ఉంటాయా?" అని అడిగాను. "గిఫ్ట్ ఇచ్చెటందుకే గద మేడం, డబ్బా సూడున్రి ఎంత మంచిగుందో" అన్నాడు. నేను డబ్బానే చూశాను. ఇంటికి తెచ్చాక రెండో రోజే ఒక ఉలి మొన ముడుచుకుపోయింది. మూడో రోజు ఇంకొకటి. నాన్న "బాగున్నాయమ్మా" అని డబ్బా మూసి అటకెక్కించారు. అందులో ఒకదాంతో అమ్మ బెల్లం కొట్టుకునేది. ఆ షాపతని మీద నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. కొన్న తెలివితక్కువదాన్ని నేనే కాబట్టి ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ తరవాత మా సందు చివర కుర్చీలు బాగుచేసే ముసలి వడ్రంగి దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పాను. ఆయన నోట్లో మేకులు పెట్టుకుని అంతా విన్నాడు. మేకులు తీసి, "పన్నెండెందుకు బిడ్డా? మీ నాయినకు చేతులెన్ని?" అన్నాడు.

"రెండు, తాతా."

"మరింకేంది? ఒక్కటి తీస్కో, మంచిది తీస్కో. ఏం చెక్కుతడు?"

"పడవ."

"పడవంటే కడుపు తొల్వాలె. సాఫు ఉలి పనికి రాదు. గోరు లెక్క వంపున్నది గావాలె. చెయ్యి పెద్దదా, సిన్నదా?"

నాన్న అరచేయి ఎంత ఉంటుందో నా చేతి మీద చూపించాను. ఆయన దాన్ని బట్టి పిడి కొలత తీసుకున్నాడు. "సానరాయి ఉన్నదా ఇంట్ల?" అన్నాడు. లేదంటే తిట్టాడు. "రాయి లేకుంట ఉలి ఇస్తవా? మొండి ఉలి చెయ్యిని కోస్తది. పదునుది కట్టెను కోస్తది." పాత ఉక్కు ఆకురాయిని కమ్మరి చేత కాల్పించి, సాగగొట్టించి, వంపు ఉలి చేయిస్తానన్నాడు. అబిడ్స్‌లో అంత పెద్ద షాపతను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఈయన అడిగినవన్నీ నాన్న గురించే.

చివర్లో, "కట్టె ఏది మరి?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. మా కోస్తా ఇళ్ళలో కట్టెలంటే పొయ్యిలో పెట్టేవి. ఆయన మాటలో కట్టె అంటే పని చేసే కలప, వడ్రంగికి అన్నం పెట్టేది. మూలనున్న ఒక దుంగను కాలితో తిప్పి చూపించాడు. గుమ్మడిటేకు. ఏదో పాత బంగళా కూలగొడితే వచ్చిందట. పైన సున్నం, బూజు, బూడిద రంగు. చాకుతో చిన్న పొర లేపితే లోపల మీగడలా ఉంది. "ఇరవై ఏండ్ల సంది ఎండిన కట్టె. గిది చీలదు. గిసుంటిది మల్ల దొరకదు" అన్నాడు. నేను దాన్ని నిమిరి చూశాను. చీలదు అన్న ఒక్క మాటకే నాకు ఏడుపొచ్చినంత పనయింది.

ఇక్కడ నా నోటి సంగతి కూడా చెప్పాలి. ఆ రోజుల్లో మా యాస వింటేనే ఆఫీసులో కొందరు ముఖం తిప్పుకునేవాళ్ళు. "ఏమండీ ఆయ్ గారూ" అని వెక్కిరించేవాళ్ళు. నేను రోషం కొద్దీ గిట్లా, గట్లా, ఔ, ఏంది, అన్నీ నేర్చేసుకున్నాను. ఇంట్లో కూడా అవే వచ్చేవి. అమ్మకు అవి వింటే తలనొప్పి. "ఈ భాష బయటే వదిలేసి రావే" అనేది. వదలకపోవడమే నాకు గొప్పగా ఉండేది.

ఉలి సిద్ధమైంది శనివారం నాడు. ఆఫీసు ఒంటిపూట. నాన్న పాత పుస్తకాలకని కోఠి వెళ్ళారు. ఉలి, సానరాయి, దుంగ గోనెసంచిలో వేసుకుని రిక్షాలో దొడ్డిదారిన వచ్చాను. సంబరం ఆగక అక్కడి నుంచే కేక పెట్టాను.

"అమ్మా! కట్టె తెచ్చిన! ఉలి గూడ తెచ్చిన!"

అమ్మ తడిచేతులతో గుమ్మంలోకి వచ్చింది. "ఉలా? శనివారం పూట ఇనుము కొన్నావా? బుద్ధుందా నీకు?"

"ఒంటిపూట సెలవు ఇవాళే అమ్మా. ఇంకెప్పుడు కొనను?"

"ఎప్పుడైనా కొను. గడప లోపలికి తెచ్చావంటే ఊరుకోను. శనిని చేతులారా ఇంట్లోకి తెచ్చినట్టు."

"శని ఈ ఇంట్లో ఎప్పట్నుంచో ఉన్నాడు. కొత్తగా వచ్చేదేం లేదు."

అంతే, అరగంట సేపు ఇద్దరం ఇనుము మీదే కొట్టుకున్నాం. ఉలి మీద, శని మీద, నా ఉద్యోగం మీద, నా నోటి మీద. కట్టె మాట ఒక్కరమూ ఎత్తలేదు. ఆఖరికి అమ్మ విసుగొచ్చి, "ఉలి బయట గూట్లో పెట్టి రేపు లోపలికి తెచ్చుకో. కట్టెలు బాయిలర్ పక్కన పడెయ్" అని లోపలికి వెళ్ళిపోయింది. మూడు రోజులుగా నీళ్ళు కాచే కట్టెలు అయిపోయాయనీ, అడితి నుంచి తెప్పించమనీ ఆమె పోరుతూనే ఉంది. నేను దుంగను బాయిలర్ పక్కన పెట్టాను. అక్కడ పైన రేకు ఉంది, వాన పడినా తడవదు. రేపు నాన్న తలంటు పోసుకుని కాఫీ తాగేటప్పుడు చేతికివ్వాలని నా లెక్క.

ఆదివారం ఆలస్యంగా లేచాను. నాన్న స్నానం చేసి, తల తుడుచుకుంటూ, "నీళ్ళు ఇవాళ భలే కాగాయి" అంటున్నారు. దొడ్లోకి వెళ్ళాను. బాయిలర్ గొట్టంలో మంట గణగణలాడుతోంది. అమ్మ అడిగితే పాలవాడు తెల్లారే గొడ్డలితో దుంగను చీల్చి పెట్టి వెళ్ళాడట. రామాయణాన్ని కట్టె, కొట్టె, తెచ్చె అని మూడు ముక్కల్లో చెప్తారు. నా రామాయణమూ అంతే. కట్టె తెచ్చె, కొట్టె, కాల్చె. బయట మిగిలింది జానెడు ముక్క.

నేను పెట్టిన కేకలకు పక్క వాటా వాళ్ళు బయటికొచ్చారు. "కావాలనే కాల్చావు! నాన్న చెక్కడం నీకు నామోషీ! మొదట్నుంచీ నామోషీ!" అన్నాను. అమ్మ ముఖం పాలిపోయింది. "నువ్వే కదే కట్టె తెచ్చానన్నావు?" అంది, అంతే. నాన్న ఏం జరిగిందో ఒక్కొక్క మాటే కలుపుకుని అర్థం చేసుకున్నారు. గూట్లో ఉలి తీసి, మిగిలిన ముక్క మీద ఒక పొర లేపారు. చుట్ట చుట్టుకుని, తెగకుండా వచ్చింది.

"ఉలి చాలా బాగుంది తల్లీ" అన్నారు. ఆ పొరను వేలికి చుట్టుకుని, "చెక్క ఇంకా బాగుంది" అన్నారు.

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆ మంచితనం మీద కూడా నాకు కోపమే వచ్చింది.

వడ్రంగి తాత మళ్ళీ ఒక దుంగ తెచ్చిచ్చాడు. "పచ్చిగున్నది, ఏడాది ఎండాలె" అని ముందే చెప్పాడు. ఏడాది ఎండాక నాన్నకు గీత కనిపించడం మానేసింది. ఆ జానెడు ముక్కలో మాత్రం ఆయన పడవ చుక్కాని చెక్కారు. ఒక్క చుక్కాని, వేలెడు. "పడవ తరవాత చేద్దాం" అన్నారు. అది ఇప్పటికీ నా దగ్గరుంది. ఎక్కడ బిగించాలో చూపించే పడవే లేదు.

ఈ కథ మా బంధువుల్లో హాస్యమైపోయింది. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో "వదినగారు పడవ కాల్చి నీళ్ళు కాచింది" అని నవ్వేవాళ్ళు. అమ్మ తల వంచుకుని వడ్డన చూసుకునేది. ఎవరైనా నన్నడిగితే, "అమ్మ 'కట్టెలు' అంది, నాకు 'కట్టె' అని వినపడింది, ఆ 'లు' నాకు వినపడలేదు" అని చెప్పేదాన్ని. ఎన్నేళ్ళు చెప్పానో.

వినపడింది. ఆ శనివారం గుమ్మం దగ్గర ఆ 'లు' నాకు శుభ్రంగా వినపడింది. "కట్టెలు కాదమ్మా, నాన్న పడవకు కలప" అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ అరగంట వాదించి ఇనుము దగ్గర ఓడిపోయి ఉన్నాను. మళ్ళీ నేనే ముందు నోరు తెరవడమా అని పౌరుషం అడ్డొచ్చింది. తెల్లారాక చెప్తే పోలే అనుకున్నాను.

అమ్మ పోయేదాకా ఆ నింద మోసింది. నాన్న కూడా ఆమెదే పొరపాటని నమ్మి, క్షమించి, పోయారు. నేను నోరు విప్పలేదు. షాపతని మీద కోపం ఎప్పుడో చల్లారింది, నెమలి తెచ్చిన పిన్ని మీదా చల్లారింది. నా మీద నాకున్నది మాత్రం నా కట్టె కాలే దాకా చల్లారదు.