గ్రహణం నాటి బిందెలు

మొన్న గ్రహణం రోజున టీవీలో ఒక పండితుడు ఏ రాశివారు ఏ దానం చేయాలో చెబుతుంటే, మా కోడలు నీళ్ళ క్యాను మీద దర్భపోచ వేసి వచ్చి శ్రద్ధగా వింటూ కూర్చుంది. నాకు ఒళ్ళు మండి టీవీ కట్టేశాను. కోపం ఆ పిల్ల మీద కాదు, మా తమ్ముడు గుర్తొచ్చి.

వాడు నక్షత్రాలను చదివినవాడు. కొండమీది వేధశాలలో చాలా ఏళ్ళు పనిచేసి, తొంభైల చివర్లో ఉద్యోగం మానుకుని గోరంట్ల దగ్గరి మా ఊరికి వచ్చేశాడు. టెలిస్కోపును బస్సు టాపు మీద కట్టుకుని పల్లెపల్లెకూ పోయి, శనక్కాయ చేలల్లో కూలి ముగించుకొచ్చిన ఆడవాళ్ళకు శనిగ్రహం చుట్టూ ఉంగరాలు చూపించి, ఆ శని ఎవరినీ పట్టదమ్మా అని చెప్పేవాడు. వాళ్ళు నవ్వితే చాలు, వాడికి కడుపు నిండేది.

ఆ ఏడు సూర్యగ్రహణం వచ్చింది. గ్రహణం విడిచాక ఇంట్లో నిలవ నీళ్ళు పారబోయడం మా ఊరి ఆచారం. బోర్లెండిపోయి, ట్యాంకరు వస్తే ఆడవాళ్ళు జుట్లు పట్టుకునే కాలమది. వాడు ఇంటింటికీ తిరిగి, పారబోయొద్దని చేతులు జోడించి, అందరి ఎదుట ఆ నీళ్ళే చెంబెడు తాగి చూపించాడు. ఊరు మొదటిసారి బిందెలు వంచలేదు. ఆ సాయంత్రం వాడి మొహంలో కనబడిన వెలుగు నేను మళ్ళీ చూడలేదు.

తరువాత వాన పడలేదు. అంతకు ముందు గ్రహణానికి బిందెలన్నీ బోర్లించినప్పుడు మాత్రం కురిసిందా? కానీ ఈసారి నేరం మోపడానికి మనిషి దొరికాడు. ఊరి పెద్ద, మాకు వరసకు మామ, ఇంటికొచ్చి "ఏమప్పా, గ్రహణం నీళ్ళు ఊరందరితో తాపిస్తివి, యాడ వాన? ఇంగ ఆ గొట్టం ఎత్తుకోని పల్లెలెంబడి తిరగాకు" అన్నాడు. వాడు నవ్వి, మర్నాడే టెలిస్కోపుతో బస్సెక్కాడు.

మరుసటేడు ఆ మామే మళ్ళీ వచ్చి "ఆకాశమంతా చదివినోడివి, ఈ ఏడన్నా వాన ఎప్పుడొస్తాదో చూసి చెప్పప్పా. మా పిల్లదాని జాతకం గూడా తెచ్చినా" అన్నాడు. తిట్టినప్పుడు చలించని తమ్ముడు ఆ మాటకు కూలబడిపోయాడు. ఊరు వాడి మాట విన్నది వాడిని జోస్యుడనుకునే. ఆ తరువాత వాడు టెలిస్కోపు ముట్టలేదు.

ఇప్పుడు గ్రహణం పట్టే నిమిషం ఫోన్లలోనే చూసుకుంటున్నారు, చూసుకుని తలుపులేసుకుంటున్నారు. ఆ లెక్కలు కట్టేది మా వాడివంటివాళ్ళేనని ఎవరికి పట్టింది? వాడు పోయినప్పుడు ఊరు ఘనంగానే సాగనంపింది. పోయిన నక్షత్రం మంచిది కాదని వాడి ఇంటికి తాళం వేయించి, నెలల తరబడి పాడుపెట్టించింది.