రేడియోకి ఎర్త్ కట్టబోతే

మొన్న ఆదివారం కొద్దిలో తప్పింది గానీ, నా చేతుల మీదుగా ఒక ప్రాణం పోయేదండీ! అదీ దేనికి? రేడియో కోసం.

ఈమధ్య నాకు క్రిస్టల్ రేడియోల పిచ్చి పట్టింది. పీవీసీ పైపు ముక్క మీద రాగితీగ చుట్టడం, దానికో డయోడ్, చెవిలో పెట్టుకోడానికి ఇయర్‌ఫోన్. అంతే! బ్యాటరీ కూడా అక్కర్లేదు. మా పటమట అపార్ట్‌మెంట్ డాబా మీద ఏరియల్ తీగ కూడా కట్టాను. అయినా గుయ్‌మనడమే తప్ప మాట రాదే! ఎర్త్ సరిగ్గా లేదని అర్థమైంది. కుళాయికి కడదామంటే ఇప్పుడన్నీ ప్లాస్టిక్ పైపులాయె. సరేనని నాలుగడుగుల ఇనపకడ్డీ తెచ్చి, కింద మెత్తటి మట్టి ఎక్కడుందా అని చూశాను. మీటర్ బోర్డుల పక్కన దొరికింది. ఇరవై రెండేళ్లుగా స్కూల్లో ఫిజిక్స్ చెబుతున్న మనిషినండీ నేను! కేబుళ్లు ఆకాశంలోంచి దిగుతాయనుకున్నానేమో మరి.

సుత్తితో ఆరో దెబ్బ వేశానో లేదో, ఢామ్మంది! కళ్ల ముందు మెరుపు. భుజం దాకా జివ్వుమని కూలబడ్డాను. సుత్తి ఎటు పోయిందో! బిల్డింగ్ మొత్తానికి కరెంటు పోయింది. బతికాన్రా దేవుడా అనుకునేలోపే గ్రౌండ్ ఫ్లోర్‌లోంచి కేక.

“అమ్మకి మెషిన్ ఆగిపోయింది! ఎవరైనా రండి!”

వాణిగారు. వాళ్లమ్మ ప్రమీలమ్మగారికి ఊపిరితిత్తులు పాడయ్యాయి. రోజంతా ఆక్సిజన్ మెషిన్ మీదే ఉంటారు. పరుగెత్తాను. ఆవిడ మంచం అంచు పట్టుకుని, నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నారు. పెదాలు నల్లబడుతున్నాయి. మూలన సిలిండరైతే ఉంది, దాని వాల్వు తిప్పే స్పానరే కనబడదు.

“మాస్టారూ, మీ జేబులో కటింగ్ ప్లయర్ ఉందిగా, తిప్పండి!”

షాక్ తిన్న చేతికి పట్టు చాలక ప్లయర్ జారిపోతోంది. వాణిగారే లాక్కుని, పళ్లు బిగించి తిప్పారు. బుస్సుమంది. గొట్టం ఆవిడ ముక్కుకి పెట్టాం.

పక్క అపార్ట్‌మెంట్ వాళ్లు గోడ మీదుగా ఎక్స్‌టెన్షన్ బాక్స్ అందిస్తే మెషిన్ మళ్లీ నడిచింది. సాయంత్రం ఎలక్ట్రీషియన్ తవ్వి, కడ్డీ పైకి లాగాడు.

“ఎవరండీ బాబూ ఇది దింపింది?”

అందరూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. నేనూ చూశాను, సిగ్గులేకుండా! ఇంతలో వాణిగారు నా వైపు తిరిగి చేతులు జోడించారు.

“మీరు టైముకి రాకపోతే మా అమ్మ దక్కేది కాదు మాస్టారూ.”

ఇంక నావల్ల కాలేదు. “నేనేనమ్మా దింపింది,” అన్నాను.

ఆవిడ లోపలికెళ్లి తలుపేసుకున్నారు. నాలుగు తిట్టినా బాగుండేది.

మర్నాడు క్షమాపణ చెప్పుకుందామని వెళ్లాను. ప్రమీలమ్మగారు ముక్కుకి గొట్టంతో, దిండుకి ఆనుకుని కూర్చున్నారు.

“అంత కష్టపడి ఏం విందామనయ్యా?”

“వార్తలండీ పిన్నిగారూ... ప్రాంతీయ వార్తలు.”

ఆవిడ పక్కనున్న సెల్‌ఫోన్ చూపించారు. “ఇందులో ఇప్పుడే విన్నాను. చెప్పమంటావా?”

వద్దనడానికి నాకు నోరేదీ? మాటకీ మాటకీ మధ్య ఆగి ఊపిరి తీసుకుంటూ, బ్యారేజీ నీటిమట్టం దగ్గర్నుంచి రేపటి ఎండ దాకా అన్నీ చెప్పారు. తల దించుకుని విన్నాను. లేవబోతుంటే మళ్లీ పిలిచారు.

“రేపూ ఇదే టైముకి రా. ఖాళీ చేతుల్తో రా.”