మాస్టారు పలకని మాట

మా సినిమా మాస్టారు పోయారు. పోయిన గురువారం పొద్దున నేను బడికి బయల్దేరుతుంటే గుంటూరు నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. కాఫీ కలిపి తెచ్చేలోపే వెళ్ళిపోయారట. నేనేం జవాబిచ్చానో నాకే గుర్తు లేదు. మామూలుగా చెప్పులేసుకుని వెళ్ళి, మామూలుగా హాజరు వేసి, ఎనిమిదో తరగతికి సంధులు చెబుతూ చెబుతూ కుర్చీలో కూలబడ్డాను. పిల్లలు కంగారుపడి నీళ్ళు తెచ్చారు. మా హెడ్మాస్టరు గారు చుట్టాలా అని అడిగితే, కాదండీ, చిన్నప్పటి మాస్టారు అన్నాను. అంతకు మించి నోరు పెగల్లేదు. నాకు నోరు పెగలకపోవడమంటే వింతే, నన్నెరిగినవాళ్ళు నవ్వుకుంటారు.

పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు రాసి దణ్ణం పెట్టడం ఆనవాయితీ. ఆయన గురించి అలాంటివి ఎన్నయినా రాయగలను. కానీ ఆయన మీద ఒక నింద నలభై ఏళ్ళకు పైగా ఉండిపోయింది. అందులో సగం నాది. అది దాచిపెట్టి మిగతావి రాస్తే దొంగ ఏడుపే అవుతుంది.

ఆయన అసలు సైన్సు మాస్టారు. వినుకొండకు ఇవతల, మీటర్ గేజీ లైను పక్కనున్న మా ఊరి బళ్ళో పనిచేసేవారు. రైలు పట్టాల దగ్గర పిల్లలు ఎలా మసలుకోవాలో చెప్పే సినిమా రీలు ఒకటి, దాన్ని ఆడించే యంత్రం ఒకటి ఎక్కణ్ణుంచో సంపాదించారు. ఆ పెట్టెను సైకిలు వెనక కట్టుకుని లైను పొడుగునా ఉన్న ఊళ్ళన్నీ తిరిగేవారు. పట్టపగలే ఆట. కిటికీలకు గోనెపట్టాలు కట్టి, తలుపు మూసి, గోడకు ఎవరిదో తెల్లపంచె బిగించేవారు. లోపల ఉక్కపోత, చెమట కంపు, యంత్రం టకటక. కరెంటు పోతే మాస్టారికంటే ముందు మేం ఏడ్చేవాళ్ళం.

అది ఏ దేశంలో తీసిన సినిమానో గానీ అందులో పిల్లలందరికీ స్వెట్టర్లు, బూట్లు ఉండేవి. మాటలన్నీ ఇంగ్లీషు. మాస్టారు ఆ గొంతు నొక్కేసి, పక్కన నిలబడి తానే తెలుగులో చెప్పేవారు. ఆ వారం బళ్ళో ఎవడు ఎక్కువ అల్లరి చేస్తే సినిమాలో కుర్రాడికి వాడి పేరే. ఆ కుర్రాడు బంతి కోసం పట్టాల మీదికి ఉరుకుతాడు. రైలొస్తుంది. తర్వాత కంకర మీద ఒక్క బూటు కనపడుతుంది. అక్కడికొచ్చేసరికి బడంతా కిక్కురుమనేది కాదు. చిన్నపిల్లలు జడుసుకుంటారని ఆయన వెంటనే రీలు వెనక్కి తిప్పేవారు. రైలు వెనక్కి పోయేది, కుర్రాడు వెనక్కి నడుచుకుంటూ వాళ్ళమ్మ దగ్గరికి చేరేవాడు. మేం చప్పట్లతో గది అదరగొట్టేవాళ్ళం. "సినిమా కాబట్టి తిరిగొచ్చాడు. మీకు వెనక్కి తిప్పే మర లేదర్రా" అనేవారు మాస్టారు.

ఆ సినిమా చివర్లో ఒక పెద్దపిల్ల చెయ్యెత్తి మిగతా పిల్లలందర్నీ పట్టాలకు ఇవతలే నిలబెడుతుంది. అది చూసే ఆయనకు ఆలోచన వచ్చింది. మా పేట నుంచి బడికి రావాలంటే పట్టాలు దాటాలి. అక్కడ గేటూ లేదు, కాపలా మనిషీ లేడు. పదిహేను మంది పిల్లలం, ఎవరి దారి వారిదే. అందుకని పేటకొక లీడర్ని పెట్టారు. మా పేటకు నేను. తొమ్మిదేళ్ళు నాకప్పుడు, గొంతు విప్పితే నాలుగు చేలవతలికి వినపడేది. "నీ నోరు ఇన్నాళ్ళకు పనికొచ్చిందే అమ్మాయ్" అని నా చేతికి ఎర్రగుడ్డ ఇచ్చారు. రైలు కూత వినపడగానే నేను ఆగు అని అరవాలి. అరవగానే ఎక్కడివాళ్ళు అక్కడ రాయిలా నిలబడిపోవాలి. బడి ముందు జాగాలో ఎన్నిసార్లు చేయించారో. కదిలినవాళ్ళు ఓడినట్టు. అది మాకొక ఆటయిపోయింది. అప్పటికే పట్టాల మధ్యలో ఉన్నవాళ్ళు ఏం చెయ్యాలన్నది మాలో ఎవరికీ తట్టలేదు. ఆయనకూ తట్టలేదు.

మా పెద్దమ్మ కూతురు ఆ ఆటలో ఒక్కసారి కూడా ఓడిపోయేది కాదు. ఏడేళ్ళది. నేనెక్కడుంటే అదక్కడ, నా జడ పట్టుకునే తిరిగేది. పత్తి తీతల రోజులు. లైనుకు ఇరుపక్కలా పత్తి మా తలలెత్తు పెరిగి ఉంది, రైలు దగ్గరికొచ్చేదాకా కనపడదు. ఒక పొద్దున బడికి వెళ్తూ అది మా కంటే ముందు ఉరికింది. కూత వినపడింది. నేను ఎర్రగుడ్డ ఎత్తి, నా గొంతంతా పెట్టి ఆగు అని అరిచాను. అదప్పుడు పట్టాల మధ్యలో ఉంది. ఇంకో రెండడుగులు వేస్తే దాటేది. ఆగింది. నా వైపు తిరిగి, బాగా నిలబడ్డానా అన్నట్టు చూసింది.

తర్వాతది నేను రాయను.

ఊరంతా చుట్టూ చేరి అడిగితే నేను చెప్పింది ఇది: కూత వినపడింది, మాస్టారు నేర్పినట్టే అది ఆగింది అని. అందులో అబద్ధం ఒక్క మాట లేదు. నా అరుపు మాత్రం లేదు. మిగతా పిల్లలు బెదిరిపోయి నేనేం చెబితే దానికి తలూపారు. మా పెద్దమ్మ బడి ముందుకొచ్చి నేల మీద మట్టి తీసి ఆయన మీద పోసింది. నా బిడ్డకు ఆగమని నేర్పి చంపావని శాపనార్థాలు పెట్టింది. ఆయన తల మీద మట్టి దులుపుకోలేదు. "అవునమ్మా, నేనే నేర్పాను" అన్నారు. నేను మా అమ్మ వెనక నిలబడి అదంతా చూస్తూనే ఉన్నాను.

కొన్నాళ్ళకు, ఒక మధ్యాహ్నం ఆయన ఒక్కరే గదిలో యంత్రం తుడుచుకుంటుంటే వెళ్ళాను. ఒక్కసారి వెనక్కి తిప్పండి మాస్టారూ అని అడిగాను. ఎందుకడిగానో ఆయనకు అర్థమైంది. పెట్టె మూసేసి, నా తల మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తియ్యకుండా చాలాసేపు కూర్చున్నారు. ఆ తర్వాత ఆ రీలు ఆయన ఎక్కడా వెనక్కి తిప్పలేదు.

ఇంకెవరైనా అయితే ఆ పెట్టెను అటకెక్కించి పాఠాలు చెప్పుకునేవాళ్ళు. ఆయన ఇంకా ఎక్కువ ఊళ్ళు తిరిగారు. బదిలీ మీద ఎక్కడికి వెళ్ళినా ఆదివారాలు లైను పక్క ఊళ్ళకే. సినిమా అయ్యాక పిల్లల్ని బయటికి తీసుకొచ్చి ముగ్గుపిండితో పట్టాల్లాగా రెండు గీతలు గీసేవారు. ఒక్కొక్కరినీ గీతల మధ్య నిలబెట్టి, నోటితో కూత వేసేవారు. కదలకుండా ఉండిపోయిన పిల్ల కనపడితే ఆయన మొహంలో నెత్తురుండేది కాదు. దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకుని గీత దాటించి, మళ్ళీ మొదలుపెట్టేవారు.

ఆ పిల్ల పోయిన రోజు నుంచి ఆయన నోటి వెంట ఆగు అన్న ఆ ఒక్క మాట రాలేదు. బస్సు కావాలంటే చెయ్యి ఊపేవారు, రిక్షా దిగాలంటే ఇక్కడ చాలు అనేవారు. మనవడు వీధిలోకి పరిగెడితే "నా దగ్గరికి రారా" అని చేతులు చాచేవారు తప్ప ఆ మాట అనేవారు కాదు. తర్వాతి బడిపిల్లలు కనిపెట్టి, ఆయన చేత ఆ మాట అనిపించాలని పందేలు వేసుకునేవాళ్ళట. ఎవడూ గెలవలేదని ఆయనే నాతో చెప్పి నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

నాకు పంతులమ్మ ఉద్యోగం వచ్చినప్పుడు స్వీట్లు తీసుకుని వెళ్ళాను. ఆయన సంతోషం పట్టలేక వాళ్ళావిడను కేకేసి పిలిచారు. నాకు చెప్పింది ఒకే ఒక్క మాట. "పిల్లలకు వద్దు అని చెప్పేటప్పుడు, మరి ఏం చెయ్యాలో కూడా అదే ఊపిరిలో చెప్పమ్మా. సగం చెప్పిన మాట కంటే చెప్పనిదే నయం." ముప్పై ఏళ్ళుగా అది పాటిస్తున్నాను. నా పిల్లలకు వ్యాకరణం ఏ మాత్రం వచ్చిందో గానీ, ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోయిన పిల్ల నా తరగతిలో లేదు. ఆయనకు శిష్యురాలినని చెప్పుకోవడానికి నాకున్నది అదొక్కటే.

చెప్పేద్దామని అనుకోని రోజు లేదు. పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు అనుకున్నాను, ఆయన రిటైరైన రోజు దండ వేస్తూ అనుకున్నాను. ఊరందరి మీదా నోరేసుకుని పడతానని పేరున్నదాన్ని, ఆయన ఎదట మాత్రం ఆరోగ్యం అడిగి వచ్చేసేదాన్ని. పోయిన కార్తీకంలో ఆయనకు బొత్తిగా బాగుండలేదని తెలిసి గుంటూరు వెళ్ళాను. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, గబగబా అంతా చెప్పేశాను. ఆ రోజు అది మీరు నేర్పింది తలచుకుని ఆగలేదండీ, పట్టాల మీదుండగా నేను అరిస్తే ఆగింది, మీరు మోసిందంతా నాది కూడానండీ అన్నాను. కళ్ళు తెరిచేసరికి ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, నవ్వుమొహంతో నా పెదాలకేసి చూస్తున్నారు.

"వినపళ్ళేదమ్మా. ఏమన్నావు?"

"ఏం లేదండీ. మజ్జిగ తాగారా అన్నాను."

ఆయన తాగానని తలూపారు. నా గొంతు ఏమైపోయిందో ఆ పూట. నాలుగు చేలవతలికి వినపడే గొంతు, మంచం పక్కన మనిషికి ఇంకోసారి వినిపించడానికి రాలేదు. బస్సెక్కి వచ్చేశాను. మళ్ళీ ఆయన్ని చూసింది ఐస్ పెట్టెలోనే.

అంత్యక్రియలయ్యాక ఆదివారం వినుకొండలో మా పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. కొడుకు దగ్గర ఉంటోంది, ఎనభై దగ్గర పడ్డాయి. వసారాలో ఎండుమిరపకాయలు కుప్ప పోసుకుని తొడిమలు తీస్తోంది. నేనూ పక్కన చతికిలబడి కుప్పలో చెయ్యి పెట్టాను. చేతులకు పనుంటే తప్ప చెప్పలేననిపించింది. మాస్టారు పోయారని చెప్పాను. పోతే పోనీ అంది, తలెత్తలేదు. ఇంకో గుప్పెడు కాయలయ్యాక చెప్పాను.

"పెద్దమ్మా, ఆ రోజు దాన్ని ఆగమంది ఆయన కాదు. పట్టాల మీదుండగా నేనే అరిచాను."

ఆమె చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. లోపల మనవరాలు పెట్టిన టీవీ మోగుతూనే ఉంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"ఆయనకు చెప్పావా?"

"చెప్పాను. వినపళ్ళేదు."

"మరి ఇంకోసారి చెప్పకపోయావా?"

నేను కుప్పలోంచి ఇంకో కాయ తీసుకున్నాను. పెద్దమ్మ ఆ కాయ తొడిమ తీసి పక్కన వేసింది. ఇంకొకటి అందుకుంది గానీ తియ్యలేదు. ఆయన్ని తాను అన్న మాటలన్నీ తలచుకుంది కాబోలు, ఒక్కనాడు కూడా ఎదురు చెప్పలేదే ఆ మనిషి అని తనలో తానే గొణుక్కుంది. నాకు తొమ్మిదేళ్ళే కదా అని అంటుందేమోనని ఎదురు చూశాను. ఆ మాట అనలేదు.

"అది నా మాట వినేదే కాదే. నీ మాటంటేనే దానికి గురి" అంది చివరికి.

అప్పుడు ఏడ్చింది. కళ్ళు తుడుచుకోబోయి, కారం గుర్తొచ్చి చెయ్యి దించేసింది. కాస్త తుడవవే అంది. నేను నా చేతులు చూపించాను, నా వేళ్ళూ అప్పటికే మండుతున్నాయి. పెద్దమ్మ నా వైపు జరిగి, మొహం తెచ్చి నా భుజానికేసి తుడుచుకుంది.