ఆరబెట్టకూడని స్ఫటికాలు

శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలై రెండేళ్లయిన రోజులవి. నేను అప్పుడు పీహెచ్‌డీలో ఉన్నాను. వలయాల్లాంటి అణువులున్న ఒక పదార్థాన్ని నీళ్లలో కరిగించి స్ఫటికాలు పెంచడం నా పని. ల్యాబులో ఎవరో ఒకరు సీసా కదిపేసి పాడుచేసేవారు. అందుకని విమానాశ్రయం పక్కనే మంఖాల్‌లో, మా ఇంట్లో వడ్లు నిల్వచేసే అర్రలో సీసా పెట్టుకున్నాను. విమానం పోయినప్పుడల్లా కిటికీ అదురుతుందని మా బాపు సీసా కింద గోనెసంచి మడతపెట్టాడు.

సూదుల్లాంటి స్ఫటికాలు వచ్చాయి. అబ్బ, ఎంత మురిసిపోయానో! శుభ్రంగా ఉండాలని నీళ్లు వంపేసి, కాగితం మీద ఆరబెట్టి, దూది పరిచిన డబ్బాలో తీసుకెళ్లాను. ఆ ఎండలో బస్సు ఆరాంఘర్ దాటి యూనివర్సిటీ చేరేసరికి అంతా తెల్లటి పిండి. రెండోసారీ అంతే. మా గైడు మేడం కోప్పడలేదు, అదే నా ప్రాణం తీసింది.

"ఎక్స్‌రే మెషీన్ మీద ఇంకొక్కసారే అవకాశం. ఈసారీ కాకపోతే ఈ పదార్థం వదిలెయ్యమ్మా," అన్నారు.

ఏడాది పని! ఇంటికొచ్చి ఏడ్చాను. బాపు డబ్బా మూత తీసి చూశాడు.

"ఎట్ల తీస్కపోయినవ్ బిడ్డా?"

"మంచిగ ఆరబెట్టి."

"ఆరబెట్టుడేంది? టమాట నారు పీకి ఎవలన్న ఎండబెడతరా? తడి గోనెల చుట్టి తీస్కపోతం గద!"

"ఇది నారు కాదు బాపు. నీకేం తెల్వదు, ఊకో!" అని కసిరాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

మూడోసారి మాత్రం స్ఫటికాలను అవి పెరిగిన నీళ్లలోనే ఉంచి సీసా మూత బిగించాను. బాపు వెంట వచ్చాడు. బస్సులో సీసాను తడిగుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుని, "జర జరుగన్నా, మా బిడ్డ చదువున్నది దీంట్ల," అని పక్కవాళ్లను దూరం జరిపాడు.

స్ఫటికం నిలబడింది. కొన్నాళ్లకు ఎక్స్‌రేలో తేలిన దాని లోపలి అణువుల బొమ్మ కాగితం మీద తెచ్చి బాపుకు చూపించాను.

"గీ ఎర్రచుక్క ఏంది?"

"నీళ్లు బాపు. సుట్టున్న అణువులను హైడ్రోజన్ బంధాలతోని పట్టుకున్నది ఇదే. ఇది ఆరిపోతే అంత కూలి పిండయితది."

బాపు ఆ చుక్కను వేలితో మెల్లగా తడిమాడు. "అయ్యో, దీన్నా రెండుసార్లు ఎండబెట్టినవ్!" అన్నాడు.

నేను కసిరిన మాట మాత్రం ఎత్తలేదు. ఎత్తినా బాగుండేది. నాకు ఏడుపు ఆగలేదు.